ఉత్తరపు కిటికీలో ఎండ

ఇన్సులిన్‌ని కుండలో దాచుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఒక్కరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

మాది నరసాపురం. లేసులు ఉతికి ఇస్త్రీ చేసే చోట నా పని. బడి పదో తరగతితో ఆగింది; మిగతా చదువంతా లైబ్రరీలోనే. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకిష్టం. మాఘమాసంలో ఫ్రిజ్ పాడైతే అమ్మకి వేసే ఇన్సులిన్‌ని తడి ఇసుక కుండలో పెట్టి, వెనకగది ఉత్తరపు కిటికీలో ఉంచాను. అటువైపు ఎప్పుడూ ఎండ రాదని ఒక లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం ఏ దేశంవాళ్ళ కోసం రాశారో చూసుకోలేదు. కుండ ఉంది కదా అని ఫ్రిజ్ బాగుచేయించనూలేదు.

జూన్‌లో అమ్మకి షుగర్ పెరగసాగింది. రోజూ ఇంజెక్షన్ చేస్తూనే ఉన్నాను.

“మామిడిపళ్ళు తింటున్నావు కదూ?”

“లేదే తల్లీ, ఒట్టు.”

“మరెందుకు పెరిగింది?”

“నీ పుస్తకాల్లో చూసుకో. కాదంటే ఇలా వచ్చి నా నోరు వాసన చూడు, లైబ్రరీ పంతులమ్మా!”

నాకు నవ్వు రాలేదు. రసాల బుట్ట తీసి అటకెక్కించాను.

ఆరుద్ర కార్తె మొదలైన రోజు కూడా వాన లేదు. ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన పగలు ఆ రోజేనని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పాను. అమ్మ మంచం దిగకపోవడంతో పనికి వెళ్ళలేదు. మధ్యాహ్నం దండెం కర్ర నీడ దక్షిణానికి పడటం చూసి, వింతగా ఉందే అనుకుని ఊరుకున్నాను. నాలుగున్నరకి వెనకగదిలోకి వెళ్ళాను. ఆ వేళకి నేనెప్పుడూ ఇంట్లో ఉండను. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి కుండ మీద పడుతోంది. పొద్దున తడిపిన ఇసుక ఎండిపోయి ఉంది. లోపలి సీసా వెచ్చగా తగిలింది.

మన ప్రాంతంలో మే మొదటి వారం దాటితే సూర్యుడు నడినెత్తి వదిలి ఉత్తరానికి వెళ్తాడు. ఆగస్టు దాకా అటే ఉంటాడు. ఎన్ని రోజులుగా ఆ ఎండలో కాగి, పనిచేయకుండా పోయిన మందు ఎక్కిస్తున్నానో!

“అమ్మా!” అని కుదిపాను. కళ్ళు తెరిచి నావైపు చూసింది.

“ఎవరండీ మీరు?” అంది మర్యాదగా.

వేలు గుచ్చి షుగర్ చూశాను. మీటర్‌లో అంకె రాలేదు, ‘హై’ అని మాత్రం వచ్చింది. ఆస్పత్రిలో రెండు రోజులు ఆమె ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. మూడోనాడు నన్ను గుర్తుపట్టింది.

ఆటోలో తీసుకెళ్ళిన పక్కింటి అన్నయ్యకీ, మందుకి తన ఫ్రిజ్‌లో చోటిచ్చిన ఎదురింటి పిన్నిగారికీ, గంటగంటకీ వచ్చి చూసిన నర్సమ్మకీ దండాలు. డాక్టరుగారికి కూడా. అంతా విని ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.