నీడపట్టున సోలార్ మోటారు

మండు వేసవిలో, నిప్పులు చెరిగే ఎండలో, ఎండ చాలక సోలార్ మోటారు ఆగిపోవడం మీరెక్కడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. అంతటి ఘనకార్యం చేసింది నేనే. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

వైరాలో మా అబ్బాకు మోటారు వైండింగ్ దుకాణం. నేను ఐటీఐ చదివి, సోలార్ పని నేర్చుకుని, సూర్యుడు నన్నడిగే పొద్దున్నే లేస్తున్నాడన్నట్టు తిరుగుతున్న రోజులవి. భద్రాచలం దాటాక, కరెంటు తీగ చేరని ఓ కోయగూడెంలో బోరుకు సోలార్ మోటారు బిగించే పని దొరికింది. అక్కడి ఆడవాళ్లు వేసవి వస్తే వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు ముంతతో తోడి బిందెలు నింపుకునేవారు. ముత్తమ్మ అనే ముసలామె మోకాళ్లు అరిగిపోయినా ఇంకా మోస్తూనే ఉంది.

"ఈ ఎండాకాలం చెలమకు పోయే పని లేదా బాబూ?" అని అడిగింది.

"నాది జిమ్మేదారి అవ్వా! బిందెలు అటకెక్కించుండ్రి" అన్నాను.

అప్పుడు మాఘమాసం. బోరు పక్కన రెండు పెద్ద చెట్లు ఒక్క ఆకైనా లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ప్యానెళ్లు పెడితే వైరు కలిసొస్తుందని గుంతలు తీయించాను. ముత్తమ్మ వచ్చి చూసింది.

"అద్దాలు జర దూరం పెట్టు బాబూ. అవి ఇప్పచెట్లు."

"ఎండిపోయిన చెట్లు ఏం జేస్తయవ్వా? ఈడ దినమంత ఎండ ఉంటదని ఫోన్ చెప్తంది."

"నీ ఫోను ఈడ ఎన్నేండ్ల సంది ఉంటంది?"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నేను చూసిన చెట్టుకు ఆకులే లేవు! ప్యానెళ్లు అక్కడే బిగించాను. నీళ్లు ధారగా దూకాయి. ఆ చప్పుడు వింటూ మోడు చెట్టుకు ఆనుకుని కళ్లు మూశాను. అడవంతా గూడేలు, గూడెం గూడెంలో నా మోటార్లు, నా పేరు పెట్టుకున్న పిల్లలు, మెడలో దండతో నా ఫొటో... బతికున్నవాడి ఫొటోకు దండేమిటని కలలోనైనా తట్టలేదు.

మోటారు తిరగగానే పండగ కాదు. వైశాఖంలో ముత్తమ్మ సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్ చేసింది.

"నీ మోటరు దగ్గుతంది బాబూ. నీళ్లు ఉమ్మినట్టు వస్తన్నయ్."

"దుమ్ము పట్టి ఉంటదవ్వా. అద్దాలు నీళ్లు పోసి కడుగుండ్రి."

"కడగనీకి నీళ్లేయి?"

మర్నాడే బండి మీద బయలుదేరాను. దారంతా ఎండ. గూడెం చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. బోరు దగ్గర మాత్రం ఎంత హాయిగా ఉందనుకున్నారు! లేత ఆకులు గలగలమంటున్నాయి, పిట్టలు కూస్తున్నాయి, చల్లటి గాలికి ప్రాణం లేచొచ్చింది. అక్కడే చతికిలబడి మోటారు కంట్రోలర్ పెట్టె విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. అంతా బాగానే ఉంది. మధ్యలో ఓ కునుకు కూడా తీశాను.

ముత్తమ్మ పక్కన కూర్చుంది. "సల్లగుందా బాబూ?"

"శానా సల్లగుందవ్వా."

"నీ అద్దాలకు గూడ సల్లగనే ఉంది."

తలెత్తాను. మోడులనుకున్న రెండు చెట్లూ గొడుగుల్లా విప్పుకుని, నా ప్యానెళ్లను కడుపులో పెట్టుకుని కాపాడుతున్నాయి.

"రెండు కొమ్మలు కొడదామా?" అని నసిగాను.

"ఇప్పచెట్టు మీద గొడ్డలి ఎయ్యం. పువ్వు పెడ్తది, నూనె పెడ్తది. నీ మోటరేం పెట్టింది?"

గుట్టెక్కి అబ్బాకు ఫోన్ చేశాను. "స్టాండు పీకి ఎండల పెట్టరా! జల్దీ!" అని అరిచాడు.

పీకాను. కొత్త గుంతలు తీశాను. కాంక్రీటు కలపాలంటే నీళ్లు కావాలి. పోశాక వారం రోజులు తడుపుతూ ఉండాలని మా పనివాళ్ల లెక్క. ముత్తమ్మ నా చేతికి ఓ బిందె ఇచ్చి వాగువైపు చూపించింది.

మొదటి బిందె గూడెం చేరేసరికి సగమైంది. మిగతా సగం నేనే వేసుకొచ్చాను, చొక్కా మీద. పక్కన ముత్తమ్మ ఒక్క చుక్క కూడా తొణకకుండా నడిచింది. ఈ మెట్ట దారిలో, ఆ మోకాళ్లతో, నా మూలంగా మళ్లీ మోస్తోందని తెలిసి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ వారమంతా ఆమె బిందె కూడా నేనే మోశాను. గూడెం ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి నా నడకను చూసి పడీపడీ నవ్వారు.

ఎనిమిదో రోజు ఎండలో మోటారు అందుకుంది. ముత్తమ్మ దోసిలి పట్టి తాగి, మొహం కడుక్కుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఇగ నాకు ఫికర్ లేదు బాబూ. మోటరు ఆగినా నువ్వున్నవ్. నీళ్లు మంచిగ మోస్తన్నవ్."

కనుక సూర్యుడి సాక్షిగా, అరిగిన నా మెడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆ చెట్టు కింద పుట్టి పెరిగినవాళ్లను అడక్కుండా ఇకమీదట ఏ చెట్టూ చచ్చిపోయిందని అనను.