తిను గాని రుచి చూడకు

ఉప్పలయ్యకు ఉన్న పట్టింపు ఒక్కటే. ఆయన దుకాణంలో ఆయన తప్ప ఇంకెవ్వరూ రుచి చూడకూడదు. వండేవాళ్లు చూడకూడదు, పొట్లం కట్టేవాళ్లు చూడకూడదు, ఉన్న ఉద్యోగం మానుకుని పెట్టుబడి పెట్టిన కోడలు అసలే చూడకూడదు.

దుకాణం పేరు 'ఉప్పలయ్య సర్వపిండి'. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కారం కలిపి, గంజు అనే గుండ్రటి గిన్నె లోపల అరచేత్తో పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి సన్నమంట మీద కాల్చేదే సర్వపిండి. మొదటి దుకాణం ఉప్పల్‌లో పెట్టారు. రెండోది నాచారంలో, ఫ్యాక్టరీలకు పోయే దారిలో. బోర్డు, డబ్బా, పేరు అన్నీ కోడలు స్పందన తయారుచేసింది. 'ఎక్కడ తిన్నా ఒకటే రుచి' అని డబ్బా మీద అచ్చేయించింది కూడా ఆమే. అచ్చేయించిన నాటి నుంచి ఆమెకు మనశ్శాంతి లేదు. మామగారు ఆ మాటను పట్టుకుని వేలాడాడు.

ఉప్పల్ దుకాణంలోని పాత గంజుకు ఎడమ పక్కన ఒక సొట్ట ఉంది. నాచారానికి కొత్త గంజులు కొన్నప్పుడు ఉప్పలయ్య వాటన్నిటికీ అదే పక్కన, అంతే సొట్ట కొట్టివ్వమన్నాడు. గిన్నెల కొట్టు రామస్వామి సుత్తె కింద పెట్టేశాడు.

"పెద్దమనిషీ, సొట్ట వడ్డదని వాపస్ తెచ్చేటోళ్లను మస్తుమందిని సూసిన. కొత్త గంజుకు సొట్ట కొట్టుమనేటోన్ని నిన్నే సూస్తున్న."

"సొట్ట కాడ పిండి మందంగుంటది. మందం మారితె రుచి మారదా? కొట్టు, ఫికర్ జేయకు."

ఇంత పట్టుదల గల మనిషి వండేవాళ్లను రుచి చూడొద్దంటాడేమిటని స్పందనకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు అడగనే అడిగింది.

"మీ అమ్మ నైవేద్యం వండేటప్పుడు రుచి సూస్తదా బిడ్డా?"

"చూడదు."

"గిరాకీ మనకు దేవుడు. దేవునికి ఎంగిలి వెడ్తమా?"

"మరి మీరెందుకు చూస్తున్నరు మామయ్యా?"

"నేనెక్కడ సూస్తున్న? నేను చెకింగ్ జేస్తున్న."

ఆ చెకింగ్ చూసి తీరవలసిందే. ఉప్పల్‌లో కాల్చిన ముక్కను డబ్బాలో పెట్టుకుని స్కూటర్ మీద నాచారం వస్తాడు. ఆ ముక్క కుడి దవడలో, నాచారం ముక్క ఎడమ దవడలో పెట్టుకుని కళ్లు మూస్తాడు. కళ్లు తెరిచేదాకా దుకాణంలో ఎవరూ మాట్లాడకూడదు. ఫ్యాన్ కూడా ఆపాలి. ఒకసారి ఫ్యాక్టరీలో పనిచేసే జీవన్ ఆకలి మీద వచ్చి ఈ తపస్సులో ఇరుక్కుపోయాడు.

"అన్న, నాకు డ్యూటీ టైమైతుంది. ఉప్పు గిట్ల సరిపోయిందా లేదా?"

"నేను సూసిన. సరిపోయింది. తిను."

"నేను తింటెగదనె నాకు ఎరుకయ్యేది?"

"తిను గాని రుచి సూడకు. నీకెందుకా తక్లీఫ్?"

ఎవరైనా ఎదురు చెబితే ఉప్పలయ్య తన ఘనతలు ఏకరువు పెట్టేవాడు. "నేను మా ఊరి బడిల ఏడు చదివిన. అప్పట్ల ఏడుకు బోర్డు పరీక్ష. ఒక్క దెబ్బకే పాసైన. కబడ్డీ కెప్టెన్‌ను నేనే. ఫ్యాక్టరీ క్యాంటీన్ల నేను కాసిన చారుకు జనరల్ మేనేజర్ సాబే మళ్ల గిలాస పట్టుకొచ్చి నిలవడ్డడు. గసొంటి నాలుక ఇది!" అని నాలుక బయటపెట్టి చూపించేవాడు. చూడక తప్పేది కాదు.

నాచారం పొయ్యి దగ్గర ఉండేది శారదమ్మ. క్యాంటీన్‌లో ఆయనతో పాటు పనిచేసిన మనిషి. అసలు ఈ సర్వపిండి కొలత ఆమెదే. ఆ పొయ్యే ఆమెకు బతుకుదెరువు. ఉప్పూ కారమూ మాత్రం ఉప్పలయ్య ఇంట్లో తానే కలిపి, పొట్లాలు కట్టి రెండు దుకాణాలకూ మోసుకొచ్చేవాడు. ఎప్పుడైనా తేడా వస్తే, "తప్పు నాదే, పొట్లం కట్టింది నేనేగద" అని లెంపలు వేసుకునేవాడు.

ఇలా ఉండగా సైనిక్‌పురిలో మూడో దుకాణం మాట వచ్చింది. అక్కడ మంచి సెంటర్లో చోటున్న విక్రమ్ భాగస్వామిగా చేరతానన్నాడు. అయితే రెండు చోట్లా రుచి ఒకటేనని తన నోటికి తెలియాలన్నాడు. ఇది కుదిరితేనే తాను వదిలేసిన ఉద్యోగానికి ఒక అర్థం ఉంటుందని స్పందన ఆశ పెట్టుకుంది. కుదరకపోతే మళ్లీ బయోడేటా రాసుకోవాలి.

విక్రమ్ ఉప్పల్ ముక్క తెచ్చుకుని నాచారం వచ్చాడు. రెండూ తిన్నాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. తర్వాత సంచిలోంచి ఇంకో పొట్లం తీసి శారదమ్మ చేతిలో ఒక ముక్క పెట్టాడు.

"ఇది వేరేచోట కొన్నది అమ్మా. ఒకటే రుచి నిలబడాలంటే వండేవాళ్లకు తెలియాలి కదా. తిని చెప్పండి, ఇందులో ఏం తక్కువైంది?"

శారదమ్మ చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. అంతలో ఉప్పలయ్య కబడ్డీ కూతకు వెళ్లినవాడిలా దూకి, ఆ ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు! ఉప్పు తక్కువైంది సారు!"

"నేను ఆమెను అడిగానండీ."

"ఆమెకు శనివారం ఉపాసం."

"ఇవాళ బుధవారం కదా?"

"గందుకే, ముందుగాల్నే మొదలువెట్టింది."

విక్రమ్ ఇంకో ముక్క అందించాడు. అదీ ఉప్పలయ్య నోట్లోకే పోయింది. విక్రమ్ చేతులు తుడుచుకుని, "ఫోన్ చేస్తాను" అని కారెక్కాడు.

స్పందనకు కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. "ఏంది మామయ్యా ఇది? ఇజ్జత్ మొత్తం తీసిన్రు. చేతిల ముక్క గుంజుకొని తింటరా ఎవరన్నా?"

జీవితంలో మొదటిసారి ఉప్పలయ్య తన ఘనతల్లో ఒక్కటీ చెప్పలేదు. బయటికి వెళ్లి స్కూటర్ మీద కూర్చున్నాడు.

శారదమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "ఆయన్ని ఏమనకు బిడ్డా. జరం వచ్చిపోయినప్పటి సంది నా నాలుకకు ఏం తెలుస్తలేదు. ఉప్పు, కారం అన్నీ ఒక్క తీరే. పని వోతదని ఎవ్వరికి చెప్పలె."

"మామయ్యకు కూడా?"

"చెప్పలె. ఓనాడు ఉప్పు బదులు చక్కెర వడ్డది. నేను తిని 'మంచిగుంది అన్న' అన్న. ఆయన నా దిక్కు సూసి, ఆ ముక్క మొత్తం తిని, 'అవును, మంచిగుంది' అన్నడు. తెల్లారి వచ్చి 'ఇగ ఎవ్వరు రుచి సూడొద్దు' అని రూల్ వెట్టిండు, ఉప్పుకారం గూడ తానే కట్టి తెచ్చుడు మొదలువెట్టిండు." నవ్వింది. "నాకు సమజైనట్టు ఆయనకు తెల్వదు. నువ్వు చెప్పకు. తనకెరుకైన సంగతి నా కాడ దాస్తున్న అని మస్తు ఖుషీగున్నడు."

అంతలో స్పందన ఫోన్ మోగింది.

"రెండు చోట్లా రుచి ఒకటేనండీ, అందులో అనుమానం లేదు. కానీ సైనిక్‌పురిలో రుచి ఎవరు చూస్తారు?" అన్నాడు విక్రమ్.

స్పందన గొంతు సవరించుకుంది. "మా దగ్గర వండేవాళ్లు రుచి చూడరు సార్. అది మా కంపెనీ పద్ధతి. ఉప్పూకారం పొట్లాలు ఇంటి నుంచే వస్తయి. చెకింగ్‌కు వేరే మనిషి ఉన్నరు."

"ఆయనేనా?"

"ఆయనే సార్."

 అవతల పెద్ద నవ్వు. "సరే, సైనిక్‌పురి ఖాయం చేసుకోండి. ఆయన వచ్చిన రోజు మాత్రం నా ప్లేటు ఆయనకు అందనంత దూరంలో పెట్టండి."

స్పందన బయటికి పరుగెత్తింది. ఉప్పలయ్య స్కూటర్ మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, సైనిక్‌పురి ఖాయమైంది. మీ రూల్ కరెక్టు. ఇగ నేను కూడా రుచి చూడను, సరేనా?"

ఉప్పలయ్య ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో, "నువ్వు సూసుకో బిడ్డా, నువ్వెందుకు మానుడు? నీ నాలుక మంచిగనే ఉన్నదిగద!" అనేశాడు.

అని, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు.

శారదమ్మ అప్పటికే వాళ్లకు వీపు తిప్పి, ఏమీ విననట్టు, కడిగిన గంజునే మళ్లీ గలగలమని కడుగుతోంది.