వాజిలీన్ నవ్వు

"ఆ వాచిన కాలుతో ఏం డాన్స్ చేస్తావ్? ముందు వరసలో నీ చోటు వేరే పిల్లకిస్తా!" సంతలో గొడ్డును చూసినట్టు నళిని కాలు చూస్తూ కోచ్ అరిచింది. "నో కోచ్, చేస్తాను!" అని నళిని తెగేసి చెప్పింది. కాలేజీ మానేసి, ఆ యూనివర్సిటీ డాన్స్ జట్టుకు పాటల టేపులు వేస్తున్న దామోదర్‌కు వింటుంటేనే ఒళ్లు మండింది. నళిని మడమకు పట్టీ బిగించి, జట్టులో అందరూ చేసేట్టే వేలితో వాజిలీన్ తీసి పళ్లకు పులుముకుంది. అది రాస్తే పెదవి పంటికి అతుక్కోదు, ఎంత నొప్పి పుట్టినా నవ్వు చెదరదు. ఆ జిడ్డు చూసి దామోదర్ మొహం చిట్లించాడు.

"ఛీ! ఎవరికోసం నళినీ ఇదంతా?"

మెరిసే పళ్లన్నీ బయటపెట్టి అంది: "దామూ, నేను పడిపోయినా టేప్ ఆపకు, ప్లీజ్."