అడగని డాక్టరు, చెప్పని తమ్ముడు

పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు కోరుట్లలో మా డాక్టర్ సాబ్ చాయ్‌ని సాసర్‌లో పోసుకున్నాడు. రోజూ అదే వేళకు పోసుకునేవాడు. ఆ రోజు మాత్రం చాయ్ సాసర్‌లోనే చల్లారిపోయింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నేను లోపలికి అడుగుపెట్టాను. ఆ పూట గడిచేలోగా ఒక పెద్ద డాక్టరు తన ఆస్తి వివరాలన్నీ నాకు ఒప్పజెప్పుకున్నాడు, ఆయన భార్య బతికున్న భర్త కోసం ఏడ్చింది, మా అక్క చావు అంచుదాకా వెళ్లింది. అన్నిటికీ కారణం ఒకటే. నేను చాలా నెమ్మదస్తుణ్ని.

అది మంచి గుణమే గదా అని మీరు అనవచ్చు. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు కూడా అన్నారు. ఆ మాటన్న రోజున ఆ పెద్దల ఇంట్లో ఎవరికీ విరేచనాలు పట్టుకుని ఉండవు.

అవి ఎట్లాంటి రోజులో కొంచెం చెప్పాలి. రాత్రి అడవిలోంచి ఆకుపచ్చ బట్టల్లో అన్నలు వచ్చి అన్నం పెట్టమనేవారు. పగలు పోలీసులు వచ్చి, రాత్రి ఎవరికి అన్నం పెట్టారని అడిగేవారు. రెండింటి నడుమ మా ఊరంతా ఒకే విద్య నేర్చుకుంది: అడగకపోవడం, చెప్పకపోవడం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరికి మాత్రం నోరు మూతపడితేనే మంచిది.

ఆ విద్యలో నేను ఊరికి మొదటివాణ్ని. డిగ్రీ పాసై, పని దొరక్క, గడ్డం పెంచి, భుజాన సంచిలో లైబ్రరీ పుస్తకాలు వేసుకుని తిరిగేవాణ్ని. గడ్డం వెనక సిద్ధాంతం ఏమీ లేదు, బద్ధకం తప్ప. ఒంటిమీద ఆకుపచ్చ చొక్కా. అది సిరిసిల్ల గుడ్డ. మా బావ అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తూ, గుడ్డ తాను చివర మిగిలిన ముక్క తెచ్చిపెట్టాడు. ఆ తర్వాత ఏడాదికి మా ఇంట్లోనే జ్వరంతో బావ పోయాడు. అక్క సత్తవ్వ మా ఊళ్లోనే ఉండిపోయి, బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఆ చొక్కా నాకు బావ గుర్తు. చూసేవాళ్లకు వేరే గుర్తు వస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ వానాకాలం గత్తర వచ్చింది. కలరాను మా వైపు అట్లనే అంటారు. నిజానికి అది రాకముందే సర్కారు వాళ్లు టీకా సూదులు తీసుకుని మా ఊరికి వచ్చారు. జీపులో రావడమే వాళ్లు చేసిన తప్పు. మా ఊళ్లో జీపుకు ఒకటే అర్థం. దుమ్ము కనబడగానే వయసు పిల్లలంతా మక్కచేలలో పడ్డారు. అందరికంటే ముందు నేను పడ్డాను. చదువుకున్నవాడికి భయం కూడా ముందే అర్థమవుతుంది. నన్ను వెతుక్కుంటూ అక్క చేల వెంట తిరిగింది. మేమిద్దరం ఇల్లు చేరేసరికి నర్సమ్మ డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది. కొన్నాళ్లకు, పైకి చెప్పని ఇంకో నాలుగిళ్లతోపాటు, అక్క కూడా మంచం పట్టింది.

ఒక్క రాత్రిలో ఆమె కళ్లు లోపలికి పోయాయి.

"జగిత్యాల దవాఖానకు పోదాం అక్కా," అన్నాను.

"ఎట్ల పోతం? బందుకు పిలిచిండ్రు, బస్సులు లేవాయె. కోరుట్ల డాక్టర్ సాబును తోల్కరా. కని ఎవలకు చెప్పకు తమ్మీ. గత్తరని తెలిస్తె కార్ఖానోళ్లు మన ఊరి బీడీలు తీస్కోరు. అందరి పొట్ట గొట్టినట్టయితది."

"చెప్ప."

"కంపౌండర్ యాదగిరి ముందట అస్సలే చెప్పకు. బీడీలు తీస్కునే గుమాస్తా వాని బావనే."

"చెప్పనంటున్న గద."

"నువ్వు చెప్పవు, నాకెరుకే," అంది. నా మీద ఆమెకున్న నమ్మకాలలో అది ఒక్కటే గట్టిది.

సైకిల్ తొక్కుకుంటూ కోరుట్ల చేరాను. దవాఖాన బల్ల మీద చోటు లేదు. నేరుగా లోపలికి వెళ్లాను. డాక్టర్ సాబ్ పక్కనే యాదగిరి నిలబడి ఉన్నాడు.

"ఏరా, ఏమైంది?" అన్నాడు డాక్టర్ సాబ్. నన్ను చిన్నప్పటి నుంచి ఏరా అనే పిలిచేవాడు. నా గవదబిళ్లల నుంచి మా బావ చివరి జ్వరం దాకా మా ఇంటి రోగాలన్నీ ఆయనకు పేరుపేరునా తెలుసు.

నేను వెనక్కి తిరిగి తలుపు మూశాను.

"సార్, ఒకసారి మా ఊరికి రావాలె. ఇప్పుడే."

"ఎవలకు బాగలేదు?"

యాదగిరి చెవులు నా వైపు తిరిగాయి. "మావోళ్లకే సార్."

"ఏమైంది?"

"మీరచ్చి చూడుండ్రి. ఇక్కడ చెప్పరాదు. ఎవలకు తెలువద్దు."

"ఎప్పటి సంది?"

"రాత్రి సంది. ఆలస్యమైతె పానం దక్కది సార్."

ముందు రాత్రి గుట్టల అవతల కాల్పులు జరిగాయని కోరుట్లంతా గుసగుసలు. ఆ సంగతి నాకు తెలియదు. గుసగుసలు వినాలన్నా నలుగురిలో కూర్చోవాలి గదా. డాక్టర్ సాబ్ నా గడ్డం చూశాడు. సంచి చూశాడు. చొక్కా దగ్గర ఎక్కువసేపు ఆగాడు. సాసర్ కింద పెట్టాడు.

"మీరు కూసోండ్రి," అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఆయన నన్ను మీరు అన్నాడు. నేను డిగ్రీ పాసైన సంగతి ఈయన దాకా వచ్చిందన్నమాట అనుకుని, వినయంగా కూర్చున్నాను.

యాదగిరి నేను ఎన్నడూ చూడనంత వేగంగా సంచి సర్దాడు. లోపల ఇనుము గలగలమంది. "సార్, నాకు పొద్దటి సంది కడుపు నొస్తున్నది," అని చెప్పి వెనక గదిలోకి మాయమయ్యాడు. సంచి డాక్టర్ సాబే ఎత్తుకున్నాడు. మా అక్క కోసం ఇంత బరువు మోస్తున్నాడు, ఎంత మంచి డాక్టరు అనుకున్నాను.

ఆ వెనక గదిలోంచే డాక్టర్ సాబ్ భార్య వచ్చి ఎండలో ఆయనకు శాలువా కప్పింది. నా వైపు తిరిగి, "బిడ్డా, ఆయనకు బీపీ ఉన్నది. ఎక్కువ నడిపియ్యకుండ్రి," అంది.

"బండి మీదనే గదమ్మా."

"మల్ల ఎప్పుడు పంపిస్తరు?"

"పానం నిలవడ్డంక పంపిస్తమమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడు మైళ్ల ప్రయాణానికి ఇంత ప్రేమా అని నాకు ముచ్చటేసింది.

నా సైకిల్ అక్కడే వదిలి ఆయన స్కూటర్ వెనక ఎక్కాను. ఊరు దాటగానే, ఇక్కడ యాదగిరి లేడు గదా, చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను.

"సార్, అసలు సంగతేందంటే..."

"వద్దు. చెప్పకుండ్రి. నేనేం అడుగ. తెలువకుంటెనే నాకు మంచిది, మీకు మంచిది."

సరేనన్నాను. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. "నాకు ఉన్నది మూడెకరాలే. అది సుత మా అత్తగారిచ్చింది."

"మంచిది సార్."

"ఎవలకు వడ్డీకియ్య. పాలేరును ఒక్క మాట అన్నోన్ని కాదు. గీ సంగతి మీవోళ్లకు చెప్పాలె."

"తప్పకుండ చెప్త సార్."

అక్క ప్రాణం మీదికి వస్తే ఈయన ఎకరాలు లెక్కపెట్టడమేమిటో అంతు పట్టలేదు. ఆయనకు పెళ్లీడు కూతురు ఉంది. నన్ను ఇష్టపడి ఉంటాడని ఒక అనుమానం వచ్చింది. పాఠకులు నవ్వినా సరే, నిజం చెప్తాను: స్కూటర్ అద్దంలో గడ్డం సవరించుకున్నాను.

వాగు వంతెన దగ్గర పోలీసులు ఆపారు.

"ఎటు డాక్టర్ సాబ్?"

"అత్తగారి పొలం చూద్దామని."

"గీయనెవలు?"

"మా జీతగాడు."

నా రహస్యాన్ని పోలీసుల ముందు కూడా కాపాడుతున్న ఆ మనిషి మీద నాకు గౌరవం రెట్టింపైంది. కాబోయే అల్లుణ్ని జీతగాడు అన్నందుకు మాత్రం కొంచెం నొచ్చుకున్నాను.

ఊరి పొలిమేరలో ఆయన బండి ఆపాడు. "కండ్లకు బట్ట కట్టాల్నా?" అని అడిగాడు.

"దుమ్ముకా సార్? కట్టుకోండ్రి," అని నా తువ్వాలు ఇచ్చాను.

"మరి బండెవలు నడుపుతరు?"

"నాకు నడుపరాదు సార్."

ఇద్దరం కాసేపు ఆలోచించాం. చివరికి ఆయన తువ్వాలు మెడలో వేసుకుని నడిపాడు.

ఇంట్లో అక్క మంచం మీద ఉంది. పక్కన చాటలో బీడీల తునికాకు ఎండిపోయి ఉంది. డాక్టర్ సాబ్ గది మూలలన్నీ చూశాడు.

"పేషెంట్ ఏడి?"

"ఇగో సార్, మా అక్క."

ఆయన వంగి మెల్లగా అడిగాడు. "తూటా ఎక్కడ తాకింది సత్తవ్వా?"

అక్క కళ్లు తెరిచి ఆయన్ను, తర్వాత నన్ను చూసింది. "తూటా ఏంది సార్? రాత్రి సంది కక్కుడు, పారుడు."

డాక్టర్ సాబ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏరా, వాంతులని ఒక్క మాటంటే నీ నోట్ల ముత్యాలు రాల్తయారా?"

"యాదగిరి ఉన్నడని సార్..."

"బండి మీద యాదగిరున్నడా?"

"మీరే చెప్పద్దంటిరి."

సంచి తెరిచాడు. చిన్న పటకారు, పెద్ద పటకారు, కత్తెరలు, కుట్లు వేసే సూదులు, ఒక దళం మొత్తానికి సరిపోయే దూది, కట్లు. సెలైన్ సీసా ఒక్కటి కూడా లేదు.

నవ్వు అక్కడితో ఆగింది. ఆయన అక్క నాడి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"ఊళ్లె స్కూటర్ నడిపేటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

"అందరు మక్కల్ల ఉన్నరు సార్. మీ బండి సప్పుడు ఇని ఉరికిండ్రు."

"అయితె నువ్వే సైకిల్ మీద పోయి సీసాలు తే. నీళ్లు కాగబెట్టి ఉప్పు, చక్కెర కలిపి తాగిపిస్త. కక్కితె మల్ల తాగిపిస్త. కని అది ఎంతసేపో ఆగదు. జల్ది రా."

పక్కింటి సైకిల్ తీసుకున్నాను. ఆ ఏడు మైళ్లలో నాకు గుర్తున్నది ఒక్కటే. ఆయన నాడి పట్టుకున్నప్పుడు నా ముఖం చూడలేదు. వంతెన దగ్గర పోలీసులు "మీ సారేడి?" అంటే, "పొలం చూస్తున్నడు," అని ఆగకుండా తొక్కాను.

దవాఖాన ముందు జనం. నన్ను ఒక్కణ్నే చూసి డాక్టర్ సాబ్ భార్య మెట్ల మీద కూలబడింది.

"ఆయనేడి బిడ్డా?"

"అక్కడ్నే ఉన్నడమ్మా. సెలైన్ సీసాలు కావాలె."

"ఆయనకేనా?"

తలుపు చాటు నుంచి యాదగిరి అడిగాడు. "ఎన్ని తాకినయ్?"

నోరు తెరిచాను. అక్కకు మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటే, మాట తీసుకున్న మనిషి మిగలదు.

"మా అక్కకు గత్తర," అన్నాను. అన్నాననే అనుకున్నాను గాని, అరిచానట. బజారుకు అవతలి పక్కన బందులోనూ చాటుగా అమ్ముతున్న పండ్ల బండి దగ్గర బేరం ఆగిపోయిందని తర్వాత చెప్పారు. "రాత్రి సంది కక్కుడు, పారుడు. మా ఊళ్లె ఇంక నాలుగిండ్లల్ల ఉన్నది."

తలనొప్పని చెప్పి పొద్దటి నుంచి బల్ల మీద కూర్చున్న ఒక ముసలాయన, చేతికర్ర వైపు చూస్తూ అన్నాడు. "మా కోడలుకు సుత గదే, బిడ్డా."

పక్కనున్న ఆమె, "మా పిల్లకు," అంది. తర్వాత ఇంకొకరు. ఆ బల్ల మీద కూర్చున్నది మనుషులు కాదు, ఊళ్లు. ఒకటి పక్కన ఒకటి, తలనొప్పి పెట్టుకుని. అందరికంటే చివర యాదగిరి నోరు విప్పాడు. "మా బావ సుత మూడు దినాల సంది లేస్తలేడు."

మా బీడీలు తీసుకోడని మేం ఎవరి దగ్గర దాచామో, ఆ గుమాస్తానే మా దగ్గర దాచుకుని పడుకున్నాడు.

యాదగిరి కడుపునొప్పి అక్కడికక్కడే తగ్గింది. సీసాలు కట్టుకుని నాతోపాటు తనూ సైకిల్ తొక్కాడు. మా ఇంటి దూలానికి సీసా వేలాడదీసి, నరం దొరక్క, మళ్లీ వెతికి, చివరికి ఎక్కించారు. పొద్దుగూకే వేళకు అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"ఎవలకు చెప్పలేదు గద?"

"కోరుట్లల తప్ప ఎక్కడ చెప్పలేదక్కా."

వారం తిరక్కుండా డాక్టర్ సాబ్ సూదుల వాళ్లను మళ్లీ పట్టుకొచ్చాడు. జీపును వాగవతలే ఆపించి, నర్సమ్మను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఈసారి ఎవరూ ఉరకలేదు. నన్ను ఊరి నడుమ నిలబెట్టి, "మొదలు వీనికియ్యమ్మా. ఉరుకకుంట ఎవలన్న పట్టుకోండ్రి," అన్నాడు. అక్క పట్టుకుంది. ఇంకా నిలబడే బలం లేక, నన్నే పట్టుకుని నిలబడింది.

నాకు వేరే శిక్ష కూడా పడింది. ఆనాటి నుంచి ఆయన దవాఖానకు వెళ్తే, గడప బయటే నిలబడి రోగం పేరు గట్టిగా చెప్పాకే నాకు లోపలికి దారి. పెళ్లైన కొత్తలో నాకు మొలలు వచ్చాయి. బల్ల మీద మా మామగారి ఊరివాళ్లు ఇద్దరున్నారు. మెల్లగా చెప్పాను. "ఇనబడుతలేదురా," అన్నాడు లోపలి నుంచి. మూడోసారికి వినబడింది. మా మామగారికి కూడా ఆ సాయంత్రానికే వినబడింది.

ఆ గడప మీద నిలబడి ప్రమాణం చేశాను. ఇక జన్మలో డాక్టరు దగ్గర రోగం దాచను. ఆకుపచ్చ చొక్కా తొడగను. నలుగురిలో చెప్పుకోలేని రోగం అసలే తెచ్చుకోను. చివరిది నా చేతుల్లో లేకపోయింది గాని, మొదటి రెండూ నిలబెట్టుకున్నాను.

డాక్టర్ సాబ్ పోయి చాలా ఏళ్లైంది. మొన్న అందరం మూతికి గుడ్డ కట్టుకు తిరిగిన పెద్ద రోగంలో అక్కకు జ్వరం వచ్చింది. సూది కోసం ఫోన్‌లో పేరు ఎక్కించి, అప్పటికింకా మా వంతు కోసం చూస్తున్నాం. తెలిసిన దవాఖానల గడపలన్నిటి ముందూ నిలబడి ఆమె రోగం పేరు గట్టిగా చెప్పాను. ఏమీ దాచలేదు. అక్క ఇంట్లోనే పోయింది.

మా వైపు ఇప్పుడు డాక్టర్లు ఇళ్లకు రారు.