వారానికి పదకొండు డాలర్లు తక్కువ

మటలేనా మా లాండ్రీలో ఇరవై రెండేళ్లు పెద్ద ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి పిండాక చివరికి ఆ రోలరులోంచే పోవాలి. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని దుప్పటిని లోపలికి అందిస్తే, అవతల ముడత లేకుండా వేడివేడిగా బయటికొస్తుంది. చూడటానికి తేలికే. కొత్తవాళ్లు మాత్రం మొదటి వారమంతా వేళ్లు కాల్చుకుంటారు. తొమ్మిదేళ్లు ఆమెకు ఎదురుగా నిలబడి ఆ రెండో కొస పట్టుకున్నదాన్ని నేను.

మా తాతలు చెరకు తోటల పనికి ఫిజీ వెళ్లినవాళ్లు. నేను నాందీలో పుట్టి, పెళ్లయ్యాక న్యూజిలాండులో, ఆక్లాండు దక్షిణాన ఓటాహుహు చేరాను. మటలేనాది సమోవా, సవాయీ దీవి. నన్ను చెల్లీ అని పిలిచేది. ఆఫీసుల నుంచి ఏ ఉత్తరం వచ్చినా టీ వేళ ఇద్దరం కలిసి చదువుకునేవాళ్లం. అందుకే ఈ సంగతంతా నాకు తెలుసు.

ఒక జూన్ నెలలో ఆమె తమ్ముడు లఫాయెలె పేరు లాటరీలో వచ్చింది. ప్రతి ఏడాదీ సమోవా నుంచి కొంతమందిని అలా పేర్లు తీసి న్యూజిలాండుకు పిలుస్తారు. పేరు రావడంతో సగం దారి వచ్చినట్టు. మిగతా సగం, ఇక్కడ ఎవరో ఒకరు ఉద్యోగమిస్తామని ఉత్తరం రాయాలి. ఒంటరివాడైతే పర్మినెంటు ఉద్యోగం చాలు. పెళ్లాం బిడ్డలతో వచ్చేవాడైతే జీతం ఏడాదికి ఇంతకు తగ్గకూడదని లెక్క. ఉత్తరానికి ఫిబ్రవరి ఆఖరు దాకా గడువు.

లఫాయెలె తొమ్మిదేళ్లుగా పేరు ఇస్తూనే ఉన్నాడు. నలభై అయిదు దాటితే ఇక పేరు తీసుకోరు. నవంబరులో అతనికి నలభై ఆరు వస్తాయి. భార్య మలియా, నలుగురు పిల్లలు. ఊళ్లో వడ్రంగం చేస్తాడు, టారో దుంపలు పండిస్తాడు. ఆ ఏడు తుపానుకి చేనూ పోయింది, చర్చి కప్పు తప్ప వడ్రంగానికి పనీ లేదు.

కబురు వచ్చినప్పుడు మటలేనా రోలరు ముందే ఉంది. ఫోను చూసుకుని ఏప్రాను జేబులో వేసుకుంది. టీ గంట కొట్టేదాకా దుప్పట్లు అందిస్తూనే ఉంది. టీ దగ్గర కూర్చున్నాక, మా వాడి పేరు తగిలింది చెల్లీ అని మెల్లగా చెప్పింది. లాండ్రీలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఎవరో పాట అందుకున్నారు.

ఆ ఆదివారం నుంచే వేట మొదలుపెట్టింది. చర్చిలో సగం మందికి ఎక్కడో ఒక చోట ఉద్యోగం ఉంది కదా, వాళ్ల యజమానులందరి దగ్గరికీ వెళ్లింది. కలప అడితీ, బ్రెడ్డు బేకరీ, కోళ్ల ఫ్యాక్టరీ, టైర్ల షాపు. షిఫ్టు అయ్యాక బట్టలు మార్చుకుని, చెవి పక్కన పువ్వు పెట్టుకుని బస్సెక్కేది. కలప అడితీ వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, మనిషిని చూడకుండా ఎలా తీసుకుంటామమ్మా అన్నారట. మనిషి ఇక్కడికి రావాలంటే ముందు మీ ఉత్తరం కావాలి గదా అందట ఈమె. నిజమే అని వాళ్లూ ఒప్పుకున్నారట. ఒప్పుకుని సాగనంపారు.

తన జీతం కూడా కలిపి లెక్క చూపించవచ్చా అని అడిగించింది. కుదరదు, ఈ దారిలో వచ్చేవాళ్ల ఉద్యోగాన్నే చూస్తారు. భర్త తవీతా పోయి నాలుగేళ్లు. కూతురు బ్రిస్బేనులో ఉంది. ఇంటి వెనక గ్యారేజీలో పాత సామాను తీయించి, కింద తివాచీ పరిపించి, కిటికీకి తెర కట్టింది. ఆరుగురు పడుకోవచ్చు అని నాకు చూపించింది. మొన్నటిదాకా తవీతా పనిముట్లు ఉన్న గోడకి పిల్లల బట్టలకని కొక్కేలు కొట్టించింది.

అక్టోబరు అయిపోయింది. ఎక్కడా ఉత్తరం రాలేదు. అప్పుడు ఒక పొద్దున షిఫ్టు మొదలవకముందే మా మేనేజరు బ్రెండన్ గదికి వెళ్లింది. నన్ను తోడు రమ్మంది.

బ్రెండన్ ముప్పై అయిదేళ్లవాడు. చెడ్డవాడు కాడు. ఆమె ఏం అడగబోతోందో అతనికి ముందే తెలుసు.

"ఖాళీ లేదు మటలేనా గారూ. ఉంటే మీ తమ్ముడికి కాక ఎవరికిస్తాను?"

"నాది ఉంది గదా," అంది ఆమె.

"మీది అంటే?"

"నా పని. నేను మానేస్తాను. ఆ పని వాడి పేరున రాయి. ఊళ్లో ఇళ్లకి కప్పులు వేసేవాడు, రోలరు ఒక లెక్కా వాడికి. నన్ను అప్పుడప్పుడూ, మనుషులు తక్కువైన రోజు పిలువు."

బ్రెండన్ నా వైపు చూశాడు. నాకూ అప్పుడే తెలిసింది. ఇరవై రెండేళ్ల సర్వీసు పోతుంది, సెలవు జీతం పోతుంది, ఇంకోసారి ఆలోచించుకోండి అని అతను మూడు రకాలుగా చెప్పాడు. ఆమె మూడు సార్లూ తలూపి, రాయి నాయనా అంది.

బయటికొచ్చాక నేను కోప్పడ్డాను. ఆమెకు కోపం రాలేదు. సమోవా వాళ్లలో తోడబుట్టిన ఆడపిల్ల మగవాడికి కంటిపాప. ఆమె ముందు పరుషమైన మాట అనడు, ఆమె అడిగింది కాదనడు, ఆమె తిన్నాకే తింటాడు. తవీతా పోయినప్పుడు లఫాయెలె ఉన్న ఒక్క పడవా అమ్మి చావుకి మా ఆనవాయితీ ప్రకారం పెట్టాల్సిన నేత చాపలూ డబ్బూ పంపించాడు. అప్పటి నుంచి వాడు ఒడ్డున నిలబడి చేపలు పట్టుకుంటున్నాడు చెల్లీ, అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నవంబరులో ఆమె రాజీనామా రాసింది. లఫాయెలె పేరున ఉద్యోగం ఉత్తరం తయారైంది. వారానికి నలభై గంటలు, రోలరు ఆపరేటరు, పర్మినెంటు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చర్చికి తీసుకెళ్లింది. పాస్టరు గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

క్రిస్మస్ ముందు ఇమిగ్రేషను ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మనుషులు తక్కువై ఆమెను పనికి పిలిచిన రోజు, టీ బల్ల దగ్గర నేనే చదివాను. రెండోసారి చదివాను. ఉద్యోగం నిజమైనదే, ఉత్తరం సరిగానే ఉంది. కాకపోతే కుటుంబంతో వచ్చేవాళ్లకి ఉండాల్సిన ఆదాయం కంటే జీతం తక్కువ. కాగితం వెనక లెక్క వేశాను. వారానికి పదకొండు డాలర్లు తక్కువ పడుతోంది.

"పదకొండేనా?" అంది మటలేనా. ఆమె ముఖం తేలికపడింది. పదకొండు డాలర్లంటే ఒక కోడి. అంత చిన్నదానికి దారి దొరక్కుండా ఉంటుందా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

మళ్లీ బ్రెండన్ దగ్గరికి వెళ్లాం. గంటకి ముప్పై సెంట్లు పెంచితే చాలు. అతను హెడ్డాఫీసుకి రాశాడు. లాండ్రీలో రోలరు పనివాళ్లందరికీ ఒకటే రేటు, యూనియను ఒప్పందం, ఒక్కడికి పెంచితే అందరికీ పెంచాలి, పెంచలేం అని సమాధానం వచ్చింది. ఇంకో గంట కలపమంది ఆమె. షిఫ్టు నలభై గంటలే, ఆ పైన చేసేది ఓవర్‌టైము, అది ఖాయం కాదు కనుక లెక్కలోకి రాదు.

ఆ మధ్యాహ్నం మా ఆడవాళ్లం కూర్చున్నాం. సమోవా వాళ్లు, టోంగా వాళ్లు, మేం ఫిజీ వాళ్లం ముగ్గురం. లఫాయెలెకి మాకంటే ఎక్కువ ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు, మేం పెంచమని అడగం అని కాగితం రాసి అందరం సంతకాలు పెట్టాం. టోంగా ఆవిడ ఒకామె సంతకం పెడుతూ, ఇరవై ఏళ్లలో జీతం పెంచొద్దని సంతకం పెట్టడం ఇదే మొదలు అంది. నవ్వుకున్నాం. బ్రెండన్ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. మీరు పెంపు అడగం అన్నా ఒప్పందం ఒప్పుకోదు అన్నాడు. కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

ఇక మలియా పేరున సగం పూట ఉద్యోగం దొరికితే ఇద్దరి జీతమూ కలిపి చూస్తారన్నారు. మాంగెరేలో ముసలివాళ్లను చూసుకునే ఒక చిన్న ఇంటి యజమానురాలు, వంటింట్లోకి మనిషి కావాలి, రాసిస్తానంది. మూడు వారాలు మటలేనా అక్కడ గిన్నెలు కడిగింది, జీతం లేకుండా, మంచిదనిపించుకుందామని. నాలుగో వారం ఆ యజమానురాలు ఇల్లు అమ్మకానికి పెట్టింది. కొనేవాళ్లు ఎవరో తెలియకుండా ఉత్తరం ఎలా రాయను అంది.

జనవరి చివర్లో, పని లేని రోజు, నేను మటలేనా ఇంట్లో ఉండగా లఫాయెలె ఫోను చేశాడు. ఫోను బల్ల మీద పెట్టి మాట్లాడుతోంది. కొంత సమోవా భాషలో, కొంత ఇంగ్లీషులో సాగేవి వాళ్ల మాటలు. ఇన్నేళ్లు వినీ వినీ నాకు రెండూ అర్థమవుతాయి.

ముందు పిల్లల సంగతులు అడిగింది. చర్చిలో ఎవరో ఆమెకు ఒక మాట చెప్పారు. పిల్లల్ని ఊళ్లో ఉన్న వాళ్ల పెద్దనాన్నకి పెంపకం ఇచ్చినట్టు చూపిస్తే దరఖాస్తులో మొగుడూ పెళ్లాలే ఉంటారు, ఆ జీతం సరిపోతుంది, రెండేళ్లాగి పిల్లల్ని రప్పించుకోవచ్చు అని. మా దీవుల్లో పిల్లలు పెద్దనాన్నల ఇళ్లలో పెరగడం వింతేం కాదు. ఆమె ఆ మాట మొదలుపెట్టింది. సగం చెప్పేసరికే అతనికి అర్థమైంది.

"అక్కా," అన్నాడు. "నువ్వు రాయమంటే రాస్తాను. నువ్వు చెప్పింది కాదనడం నా వల్ల కాదు. అందుకని నువ్వు చెప్పొద్దు."

అటువైపు కోడి కూస్తోంది, ఎవరో చిన్నపిల్ల ఏడుస్తోంది.

"అక్కా, వింటున్నావా?"

"వింటున్నా. నేనేం చెప్పలేదు గదా," అంది. "చిన్నది ఎందుకేడుస్తోందో చూడు పో."

ఫోను పెట్టాక ఆమె కొబ్బరిపాల అన్నం నాకు వడ్డించింది, తను పెట్టుకోలేదు. ఆ మాట నా నోట ఎలా వచ్చింది చెల్లీ అని అడిగింది.

ఫిబ్రవరి అయిపోయింది.

మార్చి మొదటి సోమవారం, నా పని నాకు ఇచ్చెయ్యి అని అడగడానికి బ్రెండన్ గదికి వెళ్లింది. అతను లేచి నిలబడ్డాడట. ముందు వారమే ఆ ఉద్యోగానికి ఇంకొకరికి ఉత్తరం రాసి ఇచ్చేశాడు. అదే లాటరీలో పేరు వచ్చిన అమ్మాయి, టుమేమా, ఇరవై ఆరేళ్లది, ఉపోలు దీవి పిల్ల. గడువు మూడు రోజులుందనగా ఆమె పిన్ని వచ్చి ఏడ్చిందట. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. అదే రోలరు, అదే నలభై గంటలు, అదే జీతం. ఆమెకు సరిపోయింది.

"ముందు మిమ్మల్ని అడగాల్సింది," అన్నాడు బ్రెండన్.

ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటే ఆ పిల్ల రావడానికి వీల్లేదు. తీసుకోకపోతే ఈమెకు పని లేదు. తీసుకోమని మటలేనా అనలేకపోయింది. ఉంచమని కూడా అనలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

టుమేమా జూన్‌లో దిగింది. అప్పటికి మటలేనా వారానికి రెండు రోజులో మూడు రోజులో, ఫోను వస్తే వచ్చే మనిషి అయిపోయింది. రోలరు పని ఆ పిల్లకు నేర్పమని ఆమెనే పిలిచారు. అంతకంటే బాగా తెలిసినవాళ్లు లేరు మరి. మొదటి వారం మటలేనా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. చేత్తో చూపించేది, అంతే. ఆ పిల్ల తలెత్తకుండా చేసేది. ఎవరి ఉద్యోగంలో నిలబడిందో పిన్ని చెప్పే ఉంటుంది. రెండో వారం ఆమె మూడు వేళ్లు కాలాయి. మటలేనా ఆ చెయ్యి పట్టుకుని చల్లనీళ్ల కింద పెట్టి, అంచుని గోటితో పట్టు పిల్లా, వేలితో కాదు అంది. అదే మొదటి మాట. ఆ పిల్ల చెయ్యి నీళ్ల కింద అలాగే పెట్టి భోరుమంది. మటలేనా కొళాయి కట్టేసి ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయింది.

గ్యారేజీని మరుసటి నెలలో ఒక టోంగా కుర్ర జంటకి అద్దెకిచ్చింది. ఆ అద్దె లేకపోతే ఇంటి ఖర్చు వెళ్లదు.

లఫాయెలె ఇంకో దారిన వచ్చాడు. ఆపిల్ తోటల్లో కాయలు కోయడానికి ఏటా ఏడు నెలలు దీవుల నుంచి మనుషుల్ని తెస్తారు. పెళ్లాం బిడ్డలు రాకూడదు, సీజను కాగానే తిరిగి వెళ్లిపోవాలి. హేస్టింగ్స్ దగ్గర ఒక తోటలో, ఎనిమిదిమంది ఉండే గదిలో దిగాడు. ఆక్లాండు నుంచి బస్సులో పూటంతా ప్రయాణం. మరుసటి ఏడు ఈస్టరుకి మటలేనాతో పాటు నేనూ వెళ్లాను. ఫోనులో గొంతు విన్న మనిషిని అదే మొదటిసారి చూడటం. అక్క కన్నా పెద్దవాడిలా ఉన్నాడు.

తోటి పనివాళ్లు కుర్చీలు తెచ్చి వేశారు. అతను కుర్చీలో కూర్చోలేదు. అక్క కాళ్ల దగ్గర నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఆమె తెచ్చిన, కొబ్బరిపాలు పోసి ఉడికించిన టారో ఆకు పొట్లాలు విప్పి ముందు ఆమెకు పెట్టాడు, తర్వాత నాకు పెట్టాడు. ఆమె తినేదాకా తను ముట్టలేదు. మలియా ఎలా ఉందని అడిగింది. ఉంది అన్నాడు. పెద్దవాడు బడి మానేశాడని, చేపలకి పోతున్నాడని చెప్పాడు. చిన్నది ఫోనులో తన గొంతు గుర్తుపడుతోంది గానీ, వీడియోలో తన ముఖం చూపిస్తే తల తిప్పుకుంటోందని చెప్పాడు.

బస్సు వేళయింది. ఆమె లేవబోతే మోకాలు పట్టేసింది. అతను గభాలున లేచి చెయ్యి అందించాడు. ఆ అరచెయ్యి నిండా నిచ్చెన మెట్లు పట్టి పట్టి కాసిన కాయలు.

"వచ్చే ఏడు కూడా పిలుస్తారట అక్కా," అన్నాడు.

"పిలవనీ," అంది మటలేనా.

అతను మమ్మల్ని రోడ్డు దాకా దిగబెట్టి, పనికి వేళయిందని తోటలోకి వెళ్లిపోయాడు.