చేమంతుల మీద వంద క్యాండిల్ బల్బు

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. ఆ రోజు పంతులు సంతోషం పట్టలేక పిల్లలందరికీ బఠానీలు పంచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనొక్కణ్ణే అనుకోండి. పెద్దయ్యాక కొత్తకోటలో హైవే పక్కన పంక్చర్ దుకాణం పెట్టాను. నాలుగు వరుసల రోడ్డు పడుతున్న రోజులవి. మేకులకు కొదవ లేదు, నాకు పనికీ కొదవ లేదు. దుకాణం వెనక ఇల్లు, ఇంటి వెనక కాస్త జాగా.

ఆ వానాకాలం తెలకపల్లి నుంచి మా అక్క వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కిడ్నీలు రెండూ చెడిపోయాయి, ఇక ఇంట్లోనే ఉంచుకోండని దవాఖానలో చెప్పి పంపారు. బట్టల మూటతో పాటు తడిగుడ్డలో చుట్టిన చేమంతి పిలకలు తెచ్చుకుంది. వెనక జాగాలో వాటిని నాటించి, ఎదురుగా వసారాలో మంచం వేయించుకుంది.

"ఇవి పూసినంకనే పోత," అంది.

"యాడికి, తెలకపల్లికా?"

"నోర్మూయ్‌రా. యాడికో నీకు తెల్వదా?"

"అయితే జర నిదానంగ పూయమని చెప్పు."

నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చేది. అయినా నవ్వించడం తప్ప నాకు వేరే వైద్యం రాదు.

రాత్రిపూట ఆమె లేచి వెనక్కి వెళ్లాలంటే పాముల భయం. అందుకని వంద క్యాండిల్ బల్బు ఒకటి సరిగ్గా చేమంతుల మీదే వేలాడదీశాను. కరెంటు పోయినా ఆరకుండా పక్క ధాబా జనరేటర్ నుంచి తీగ లాగాను. పొద్దు గూకితే వెలిగేది, తెల్లారితేనే ఆరేది.

మొక్కలు నడుం దాకా పెరిగాయి. ఆకులే ఆకులు. కార్తీకం వచ్చింది, ఒక్క మొగ్గ లేదు. అక్క తోడికోడలు చూడటానికి వచ్చి, కొంగులో తెచ్చిన పచ్చ చేమంతులు మంచం మీద పోసింది.

"గవే పిలకలు గదక్కా, మా దిక్కు దీపావళికే ఇరగబూసినయి. కరెంటు ఉండదు, చీకట్ల పూసి చీకట్లనే వాడుతున్నయి!"

అక్క వాటిని వేళ్లతో నిమిరి పక్కకు జరిపింది. "నేను నాటినయి గావు," అంది.

ఆ వారమే వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పే సారు ఒకాయన, జీపు టైరు పంక్చరై నా దగ్గర ఆగాడు. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వచ్చి మొక్కల్ని చూశాడు, బల్బును చూశాడు. వసారాలో అక్క నిద్రపోతోంది. ఆమె పూల కోసం ఎదురు చూస్తోందని మెల్లగా చెప్పాను.

"చెట్టంతటికీ ఒకటే రాత ఉంటదయ్యా," అన్నాడు. "పువ్వు ఎట్ల కావాల్నో ఈ ఆకుల గూడ రాసుంది. దాన్నే జన్యువు అంటరు. కానీ ఆ రాత దారపుండ లెక్క గట్టిగ చుట్టుకొని ఉంటది. చుట్టుకొని ఉన్నంతసేపు పనిచెయ్యదు."

"మరి ఇప్పేదెవరు సార్?"

"కొన్ని ప్రోటీన్లు. అవి అక్షరం మార్చవు. యాడ ఇప్పాల్నో గుర్తు పెడతయి, సడలిస్తయి, అప్పుడు జన్యువు మేల్కుంటది. చేమంతికి ఆ కబురు పొడుగు రాత్రి నుంచి అందాలె. నువ్వు రోజూ రాత్రిని నరుకుతున్నవ్."

నేను చేతిలో ఉన్న ఇనుప పట్టీ చూపించాను. "అంటే, టైరు అంచు లేపే గీ పట్టీ లాంటియన్నట్టు. ట్యూబు లోపల్నే ఉంటది, లేపేటోడు లేకుంటే బయటికి రాదు."

"సరిగ్గ అదే!"

"అయితే సార్, నా లోపల గూడ పదో తరగతి రాసే ఉండెనేమో. ఇప్పేటోడు రాలే."

ఆయన చాలాసేపు నవ్వాడు. "బల్బు తీసెయ్, రెండు నెలల్ల పూస్తయి," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం స్విచ్ దగ్గర నిలబడ్డాను. పూసినంకనే పోత, అన్నది అక్క. మరి పూయకపోతే? ఆరో తరగతి లెక్క అంతవరకే పోయింది. స్విచ్ వేశాను. మరునాడు రెండు వందల క్యాండిల్ బల్బు తెచ్చి మార్చాను.

అక్కకు ఏమీ చెప్పలేదు. ఆమె ముఖం ఉబ్బుతూ వచ్చింది, చూపు మొక్కల మీది నుంచి కదిలేది కాదు.

"ఆ లైటు బంద్ చెయ్‌రా బిడ్డా," అంది ఒకరోజు. "చెట్లకు నిద్ర లేదు."

"చెట్లకు నిద్రెందుకక్కా, పొద్దున లేచి బడికి పోవాల్నా?"

ఈసారి నవ్వలేదు. "ఒక్క మొగ్గన్న చూద్దునురా," అంది.

అప్పుడైనా తీసేసి ఉండాల్సింది. తీయలేదు.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున అక్క పోయింది. పువ్వు చూసిన తర్వాతే పోతానన్న మనిషి మాట తప్పింది. కాదు, నేను తప్పించాను. మూడో రోజు కాకికి ముద్ద పెట్టి వచ్చి, బల్బు విప్పి, తీగ చుట్ట చుట్టి ధాబావాళ్లకు ఇచ్చేశాను. శివరాత్రి దాటిన కొన్నాళ్లకు జాగా అంతా పచ్చగా పూసింది.

ఎండలు ముదురుతుండగా ఆ సారు మళ్లీ వచ్చాడు, టైర్లకు గాలి పట్టించుకోవడానికి.

"పూసినయా?"

"పూసినయి సార్. మీరు చెప్పిన లెక్క తప్పలే."

"మీ అక్క ఏమన్నది మరి?"

ఏదో ఒకటి అనడం నాకు అలవాటే. ఈసారి పైపు తీసి టైరుకు తగిలించాను. వంగి గాలి పడుతూనే ఉన్నాను. "చాలు, చాలు, పగులుతది," అంటూ ఆయనే వచ్చి నా చేయి పట్టుకున్నాడు.