లోపలి కరెంటు

సారపాక కాగితం మిల్లు గేటు ముందు టిఫిన్ బండి నడిపే మా మరియక్క నోటికి సెక్యూరిటీ వాళ్లు కూడా జడుస్తారు. ఏడేళ్ల కింద ఆమెకు గర్భసంచి క్యాన్సర్ వస్తే మేమంతా ఆశ వదులుకున్నాం. పట్నంలో సర్కారు దవాఖానా వాళ్లు కొన్నాళ్లు బయటినుంచి, ఆ తర్వాత సన్నటి గొట్టాలు పెట్టి లోపలినుంచే కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మేం కరెంటనే అంటాం. లోపలినుంచి పెట్టేదాన్ని బ్రాకీథెరపీ అంటారట. అక్క లేచి వచ్చి మళ్లీ దోసెలు పోసింది. అప్పటినుంచి క్యాన్సర్ మాట చెవిన పడితే చాలు, ఏ ఆడమనిషినైనా రెక్క పట్టుకుని పట్నం బస్సెక్కించేది. చర్ల అడవి ఊళ్ల నుంచి కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

పోయినేడు మా బావకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. బావ పేరు ఆరోగ్యం. పేరులో ఉంది కదా, ఒంట్లో ఎందుకని తనే నవ్వేవాడు. మిల్లులో దుంగలు మోసే కాంట్రాక్టు పని ఆయనది. జబ్బు ఇంకా గ్రంథి దాటలేదని, మగవాళ్లకూ లోపలి కరెంటు ఉంటుందని, పెట్టించుకుంటే రెండు మూడు రోజుల్లో ఇల్లు చేరొచ్చని ఖమ్మం డాక్టరు చెప్పాడు. అక్క ఆగుతుందా? మర్నాడే పట్నం బయల్దేరదీసింది. తోడుగా నేనూ పోయాను.

గది అదే, మిషనూ అదే. భార్గవి అనే చిన్న డాక్టరమ్మ మాత్రం తల దించుకుంది.

"దీనిమీద ఆడవాళ్లకు చేయడమే నేర్చుకున్నానమ్మా. మగవాళ్లకు సూదులు గుచ్చి చేయాలి. అది నాకు నేర్పినవాళ్లు లేరు. రాని పని మీ ఆయన మీద చేయలేను."

ఆ పని వచ్చిన పెద్ద డాక్టరు ప్రైవేటుకు వెళ్లిపోయాడట. సూదులకు దారి చూపే స్కానింగ్ మిషన్ కొననే లేదట. శిక్షణకు పంపమని ఈమె అడుగుతూనే ఉందట. ఏనుగునిచ్చి అంకుశం దాచుకున్నట్టుంది పైవాళ్ల యవ్వారం. నాకు ఒళ్లు మండింది. కానీ ఉన్నమాట చెప్పిన పిల్లమీద ఏమని అరుస్తాం? అక్క కూడా అరవలేదు. దానికే నాకు భయమేసింది.

ప్రైవేటులో అయితే లక్షలు, దీనికి మా ఉచిత వైద్యం కార్డు అక్కడ చెల్లదు. ఇక్కడ బయటి కరెంటు ఉచితమే గానీ, రెండు నెలలు కిరాయి గదిలో ఉండి రోజూ రావాలి. అన్నాళ్లు పనికి పోకపోతే బావ మిల్లు గేట్ పాస్ ఇంకొకరి చేతికి పోతుంది. అవేవీ కాకపోతే ఇంజెక్షన్ ఉంది. అది జబ్బును నిద్రపుచ్చుతుందే తప్ప చంపదని, ఎప్పుడో ఒకనాడు లేస్తుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. బండి అమ్మేసి ఇక్కడే ఉందామంది అక్క. బావ ఒప్పుకోలేదు.

"బండి అమ్మి, పాస్ పోగొట్టుకొని, బతికొచ్చి ఏం తింటం మరియా? ఇంజెక్షన్ ఖమ్మంలనే ఇస్తరు. నడువ్."

బస్సు కదిలాక, కంటతడి పెట్టగా మేమెన్నడూ చూడని అక్క, బావ చెయ్యి గట్టిగా పట్టుకుని అందరూ వినేలా ఏడ్చింది.

"నన్ను బతికించిన మిషన్ ముంగట్నుంచే నిన్ను వాపస్ తీస్కపోతున్న గదయ్యా."